గాజు వంతెన మీద కాళ్లెందుకు బిగుసుకుపోతాయి?

ప్రశ్న: నా వయసు 38. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. పిల్లల పోరు పడలేక కైలాసగిరి గాజు వంతెన ఎక్కాను. నాలుగడుగులకే మోకాళ్లు బిగుసుకుపోయి, అరచేతులకు చెమటలు పట్టి వెనక్కి వచ్చేశాను. వంతెన ఊగినట్టు కూడా అనిపించింది. ఇది మెదడు జబ్బా? పండక్కి చుట్టాలొస్తే మళ్లీ వెళ్లాలి. మాత్ర ఏదైనా ఉందా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి జబ్బులా లేదండి. నిలబడ్డప్పుడు ఒళ్లు ఎప్పుడూ కాస్త ఊగుతూనే ఉంటుంది. ఎదురుగా మీటరు దూరంలో గోడ ఉందనుకోండి, మీరు 2 సెంటీమీటర్లు ఊగితే అది కంటికి 1 డిగ్రీకి పైగా కదిలినట్టు కనిపిస్తుంది. మెదడు వెంటనే సర్దుతుంది. కనిపించేదంతా 100 మీటర్ల అవతల ఉంటే ఆ కదలిక అందులో నూరో వంతే. ఆనవాలు దొరక్క ఒళ్లు ఇంకా ఊగుతుంది, దాన్ని ఆపాలని కాళ్లు కొయ్యబారతాయి.

వంతెన కదలడం మీ భ్రమే అనలేం. 55 మీటర్ల ఆ వంతెన కాంటిలీవర్ పద్ధతిలో కట్టింది, మన ఇంటి సన్‌షేడ్ లాగా ఒకవైపు పట్టు మీద నిలుస్తుంది. అలాంటి ఉక్కు కట్టడం కొస దగ్గర అడుగుల తాకిడికి కాస్త అదరడం మామూలే. కింది 40 మిల్లీమీటర్ల గాజు కూడా ఒకే పలక కాదు, పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి అతికించిన లామినేటెడ్ గాజు. ఒక పొర పగిలినా ముక్కలు ప్లాస్టిక్‌కే అంటుకుంటాయి, బరువు మిగతా పొరలు మోస్తాయి. 2014లో చికాగో విల్లిస్ టవర్ గాజు నేల మీద పగుళ్లు చూసి జనం హడలిపోయారు. తీరా చూస్తే పగిలింది పైనున్న రక్షణ పూత!

ఇదంతా తెలిసినా మోకాళ్లు వినవు. వాటికి సాధన కావాలి. ముందు రెండో అంతస్తు బాల్కనీ, తర్వాత నాలుగోది, ఆపైన కైలాసగిరి వ్యూపాయింట్ రెయిలింగ్, చివరికి గాజు. భయానికి 10కి మార్కులు వేసుకోండి. 7 ఉంటే అది 3కో 4కో దిగేదాకా అక్కడే ఉండండి, అరగంట పట్టినా సరే. భయం నెత్తికెక్కినప్పుడే పారిపోతే, పారిపోయాను కాబట్టే బతికాను అని మెదడు నేర్చుకుంటుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే.

వంతెన మీద నడిమధ్య కాకుండా రెయిలింగ్ పక్కనే నడవండి. చెయ్యి దాని మీద ఆనిస్తే చాలు, వేలాడొద్దు. మోకాళ్లు కాస్త వంచండి. చూపు ముందు రెయిలింగ్ మీద, గాజు పలకలు కలిసే అంచు మీద నిలపండి. కుదుటపడ్డాక సముద్రం, ఆకాశం కలిసే గీత చూడండి. కదిలే మబ్బుల్ని, అలల్ని చూడొద్దు. తల వెనక్కి వాల్చి సెల్ఫీలూ వద్దు. ఊపిరి 4 అంకెలు లెక్కపెట్టి పీల్చి, 6 లెక్కపెట్టి వదలండి. గబగబా పీలిస్తే తల తేలిపోతుంది. రద్దీ లేని పూట వెళ్లండి.

మాత్ర మాటకొస్తే, ఆల్ప్రజోలమ్ లాంటివి ఆ పూటకు భయం తగ్గిస్తాయి గానీ అడుగు తడబడుతుంది, చేసిన సాధనా నిలవదు. గుండెదడ తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్ర ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం, ఎవరో చెప్పారని వేసుకోవద్దు. మంచం మీద పక్కకు తిరిగినా గది గిర్రున తిరిగితే, వినికిడి తగ్గితే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. మూడో అంతస్తులో ఉన్న బంధువుల ఇంటికి కూడా వెళ్లలేకపోతుంటే సైకాలజిస్టు దగ్గర ఇదే సాధన చేయవచ్చు.