నీట్ సీటు రాకపోతే ఆటిజం పిల్లలపై రీసెర్చ్ చేసే దారి లేనట్టేనా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా దేవరకొండ దగ్గర ఒక తండా. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా అన్న కొడుకుకు ఐదేళ్లు నిండినా మాటలు రాలేదు. హైదరాబాద్‌లో చూపిస్తే ఆటిజం అన్నారు. అప్పటి నుంచి మా పాప ఇలాంటి పిల్లల మీదే రీసెర్చ్ చేస్తానంటోంది. నీట్‌లో సీటు వస్తుందన్న నమ్మకం మాకు లేదు. డాక్టర్ కాకుండా ఈ లైన్‌లోకి వెళ్లొచ్చా? రేపు ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు. మీ అన్నగారి బాబు విషయమే చూడండి. ఆటిజం అని చెప్పింది డాక్టర్ అయినా, ఆ తర్వాత నెలల తరబడి వాడితో కింద చాప మీద కూర్చునేది స్పీచ్ థెరపిస్ట్, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్, సైకాలజిస్ట్, స్పెషల్ టీచర్. రీసెర్చ్‌కు పనికొచ్చే ప్రశ్నలు ఎక్కువగా పుట్టేది ఆ చాప మీదే.

అందుకే నా సలహా, ముందు పిల్లలకు చికిత్స చేసే అర్హత ఇచ్చే డిగ్రీ, ఆ తర్వాతే రీసెర్చ్. పీహెచ్‌డీ మధ్యలో ఆగిపోయినా అమ్మాయి చేతిలో పని ఉంటుంది.

బైపీసీ వాళ్లకు నేను మొదట చెప్పేది బీఏఎస్ఎల్‌పీ. వినికిడి, మాట సమస్యలకు సంబంధించిన కోర్సు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులో 1965లో మొదలైన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ దీనికి పెద్ద పేరు. అంత దూరం వద్దనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ పక్కనే ఉన్న ఎన్ఐఈపీఐడీ మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ. స్పెషల్ ఎడ్యుకేషన్, రిహాబిలిటేషన్ సైకాలజీ కోర్సులు అక్కడ నడుస్తాయి. మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలవడానికి వాడే 'ఇసా' స్కేలు తయారైంది కూడా అక్కడే. ఆ సంస్థ మీకు బస్సు దూరంలో ఉంది, ఒకసారి పాపను తీసుకెళ్లి చూపించండి. ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి నోటిఫికేషన్ మీరే చదవండి, కన్సల్టెన్సీల మాట నమ్మొద్దు.

సైకాలజీ దారిలో ఒక తిరకాసు ఉంది. డిగ్రీలో సైకాలజీ చదివితే చాలు, చికిత్స చేయొచ్చు అనుకుంటారు. కుదరదు. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. 1992 నాటి చట్టం ఇది. ఇన్నాళ్లూ ఆ కోర్సు ఎంఫిల్. ఇప్పుడు దాని స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి, కాబట్టి చేరే ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. ఆర్నెల్ల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో 'ఆటిజం థెరపిస్ట్' చేస్తామనే ప్రకటనల జోలికి అసలు పోవద్దు.

జన్యువులు, మెదడు కణాలు అంటే ఇష్టమైతే ఆ దారి వేరు. బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చేసి హైదరాబాద్‌లో కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, లేదంటే మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం లాంటి చోట్లకు వెళ్లాలి. అక్కడ చాలామంది ఏళ్ల తరబడి పిల్లల ముఖం చూడకుండానే పనిచేస్తారు. అదీ గొప్ప పనే, కానీ మీ పాప కోరుకుంటున్నది అదేనా అని అడగండి.

రీసెర్చ్ అంటే రోజూ ఏదో కనిపెట్టేస్తారని మీరూ అనుకోవద్దు. తల్లీబిడ్డా ఆడుకుంటున్న పది నిమిషాల వీడియో ఉంటుంది. తల్లి పేరు పెట్టి పిలిచినప్పుడు బాబు తల తిప్పాడా, బొమ్మ కావాలని వేలు చూపించాడా, చూపిస్తూ తల్లి కళ్లలోకి చూశాడా అని వెనక్కి తిప్పి తిప్పి చూసి రాసుకోవాలి. అదే వీడియోను ఇంకొకరు విడిగా చూసి రాస్తారు. ఇద్దరి లెక్కా కలవకపోతే మళ్లీ మొదటికి. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో చేసిన ఒక అధ్యయనం 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వాళ్ల ద్వారా ఆటిజం పిల్లల తల్లిదండ్రులకు పిల్లలతో ఎలా మెలగాలో నేర్పించారు. దాని ఫలితం తేల్చడానికీ ఇలా వీడియోలు చూసి లెక్క కట్టాల్సి వచ్చింది. ఇంత ఓపిక ఉందా అన్నది నాకు నీట్ ర్యాంకు కన్నా ముఖ్యం.

మీ అమ్మాయికి ఒక బలం ఉంది, అది మీకు తట్టి ఉండదు. తండాలో పిల్లాడు ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు, అంగన్‌వాడీలో తెలుగు వింటాడు, ఒకటో తరగతికి ఇంగ్లిష్ మీడియంలో పడతాడు. వాడు బడిలో నోరు విప్పకపోతే అది మాట ఆలస్యమా, భాష కొత్త కావడమా? తెలుగులో పరీక్ష పెట్టే థెరపిస్ట్‌కు లంబాడీ రాకపోతే ఎలా తేలుతుంది? 2018లో ప్లాస్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో హైదరాబాద్‌తో సహా ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను ఆటిజం లాంటి మెదడు ఎదుగుదల సమస్యల కోసం పరీక్షించారు. చూపు, వినికిడి లోపాలు, మూర్ఛ కూడా కలుపుకుంటే దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక సమస్య కనిపించింది. దేవరకొండ తండాల్లో ఈ లెక్క తీయాలంటే మీ పాపలాంటి వాళ్లే కావాలి. పీహెచ్‌డీకి నేనైతే ఇదే టాపిక్ ఇస్తాను.

డబ్బు విషయం దాచను. హైదరాబాద్ థెరపీ సెంటర్లలో మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ. ప్రభుత్వంలో, ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు చిన్నప్పుడే చికిత్స అందించే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లలో పోస్టులుంటాయి, చాలావరకు కాంట్రాక్టువి. పీజీ తర్వాత యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు ఇస్తారు. డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా పదేళ్లు పట్టొచ్చు. పెళ్లి మాటతో మధ్యలో టెన్షన్ పెట్టకండి. నీట్ మాత్రం రాయించండి. సీటొస్తే ఎంబీబీఎస్ తర్వాత పిల్లల వైద్యం, సైకియాట్రీ మీదుగా ఇదే రంగానికి రావచ్చు.

ఇక బాబు సంగతి. పాప చదువు అయ్యేదాకా వాడు ఆగలేడు. వినికిడి పరీక్ష చేయించకపోతే వెంటనే చేయించండి. జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో సేవలు ఉచితం, అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది కాబట్టి సర్టిఫికెట్‌కు కూడా దరఖాస్తు పెట్టండి. థెరపీకి వెళ్లిన రోజు, సెంటర్ వాళ్లు ఒప్పుకుంటే, మీ అమ్మాయిని కూడా లోపల కూర్చోబెట్టండి.