అమెరికన్ గాయకుడు, సంగీతకర్త స్టీవీ వండర్ ఆల్బమ్‌లను ఎక్కడి నుంచి మొదలుపెట్టి వినాలి?

హిట్ పాటల సంకలనంతో కాకుండా, 1972లో వచ్చిన ‘టాకింగ్ బుక్’తో మొదలుపెట్టమని నా సలహా. పదకొండేళ్ల వయసులోనే మోటౌన్ రికార్డుల సంస్థలో చేరిన వండర్, 1971లో 21 ఏళ్లు నిండి పాత ఒప్పందం ముగిశాక, తన సంగీతంపై తనకే అధికారం ఉండేలా కొత్త ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ స్వేచ్ఛలో పుట్టిన ఆల్బమ్‌లే ఆయన కృషికి శిఖరమని నేను గట్టిగా నమ్ముతాను.

‘టాకింగ్ బుక్’లోని ‘సూపర్‌స్టిషన్’ పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ముందు డ్రమ్స్ మాత్రమే వినిపిస్తాయి, వాటి మీదికి క్లావినెట్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డు వచ్చి చేరుతుంది. ఆ రెండూ, అడుగున మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యంపై నడిచే బేస్ (మంద్ర స్వరాలు) కూడా వండర్ స్వయంగా వాయించినవే. ట్రంపెట్, శాక్సఫోన్ మాత్రమే ఇతరులవి.

ఆ తర్వాత ‘ఇన్నర్‌విజన్స్’ (1973), ‘ఫుల్‌ఫిలింగ్‌నెస్ ఫస్ట్ ఫినాలే’ (1974) విని, 1976 నాటి ‘సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్’కు రండి. ఈ మూడింటికీ ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ దక్కింది. చివరిది రెండు ఎల్‌పీలతో (పెద్ద గ్రామఫోన్ రికార్డులతో) పాటు నాలుగు పాటల చిన్న రికార్డు కూడా జతచేసి విడుదలైన పెద్ద ఆల్బమ్ కనుక, ఒకే బిగిన వినకుండా, రికార్డులో ఒక్కో వైపు చొప్పున తీరిగ్గా వినడం మేలు. 1960ల నాటి ఆల్బమ్‌లను ఆ పైన వినవచ్చు.