అమ్మ ఇంటి పేరు వేరైతే సవతి తల్లి అని కాదు

కొరియా టీవీ సీరియల్ 'మై హస్బెండ్ గాట్ ఎ ఫ్యామిలీ'లోని అమ్మ ఓమ్ చోంగే సవతి తల్లా అని అడిగారు; కాదు. పిల్లలందరి ఇంటి పేరు బాంగ్ అయి ఆమెది మాత్రం ఓమ్ కావడం వల్ల మీకు ఆ అనుమానం వచ్చి ఉంటుంది. కొరియాలో స్త్రీ పెళ్లయ్యాక కూడా పుట్టింటి ఇంటి పేరునే ఉంచుకుంటుంది, పిల్లలకు సాధారణంగా తండ్రిది వస్తుంది. 2012లో కొరియా టీవీ ఛానల్ కేబీఎస్2లో 58 భాగాలుగా వచ్చిన ఈ సీరియల్‌లో బంధుత్వాలు ఇలా తేలుతాయి.

1. మనకులాగే వారికీ ఇంటి పేరే ముందు వస్తుంది కనుక, బాంగ్ అన్న వారిలో ముఖ్యులను ఒకచోట రాసుకోండి: తండ్రి జాంగ్‌సు, కూతుళ్లు ఇల్‌సుక్, ఈసుక్, మల్‌సుక్, కొడుకు గ్వినామ్.

2. చాలామంది వదిలేసేది ఇదే. ఆ ఇంటి ఇల్లాళ్లలో ఇంటి పేరు కలవని ప్రతి ఒక్కరినీ ఏదో ఒక తరంలో కోడలిగా వచ్చినవారిగా గుర్తించండి. నాయనమ్మ జోన్ మక్‌రే, అమ్మ ఓమ్ చోంగే (ఈ పాత్ర వేసిన యూన్ యోజోంగ్‌కే 2021లో ఆస్కార్ వచ్చింది), గ్వినామ్ భార్య అయిన కథానాయిక చా యూన్‌హీ: మూడు ఇంటి పేర్లు, మూడు తరాల కోడళ్లు. అత్తగారిగా గద్దించే చోంగే తన అత్తగారి ముందు ఎందుకు తగ్గుతుందో అప్పుడు బోధపడుతుంది.

3. టెర్రీ కాంగ్ మాత్రం మినహాయింపు: ఇంటి పేరు వేరైనా అతను బాంగ్ ఇంటి కొడుకే. చిన్నప్పుడు తప్పిపోయి అమెరికాలో దత్తతకు వెళ్లిన గ్వినామే అతను.

4. చా సెగ్వాంగ్ యూన్‌హీకి తమ్ముడు. వారి తల్లి హాన్ మాన్‌హీ ఇంటి పేరు కలవకపోవడానికీ కారణం పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరునే ఉంచుకోవడం.