టెక్ సందేహాలు: వీడియోలో ఒక జవాబు, పిల్లల ఫోన్లో ఇంకో జవాబు ఎందుకు?

డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థుల కోసం ఎక్సెల్‌లో స్టాటిస్టిక్స్ లెక్కలు చేస్తూ రికార్డు చేస్తున్నాను. వీడియో మధ్యలో అంకెలు వాటంతటవే మారిపోతున్నాయి. అవే లెక్కలు పిల్లలు చేస్తే స్టాండర్డ్ డీవియేషన్ వేరేగా వస్తోంది. తప్పెక్కడ? (ఒక లెక్చరర్, ఖమ్మం)

ఇవి రెండు వేర్వేరు సమస్యలు. అంకెలు మారడం చాలావరకు, ఇష్టమొచ్చిన అంకెల్ని ఎంచి ఇచ్చే ‘ర్యాండ్‌బిట్వీన్’ ఫంక్షన్ వల్లే జరుగుతుంది. షీట్‌లో ఏ గడిలో ఏం మార్చినా ఆ ఫంక్షన్ కొత్త అంకెలు వేసేస్తుంది. మీరు సగటు చదివి వినిపించి, పక్క గడిలో ఇంకో ఫార్ములా కొట్టేసరికి ఆ సగటు తెరమీద ఉండదు. శాంపిల్ తీసిన వెంటనే ఆ గడులన్నీ కాపీ చేసి, అక్కడే కంట్రోల్, ఆల్ట్, వి కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ‘వాల్యూస్’ ఎంచుకుని ఓకే చేయండి. ఫార్ములా పోయి ఉత్త అంకెలు మిగులుతాయి. రికార్డింగ్ మొదలుపెట్టడం ఆ తర్వాతే. ఆ షీట్‌నే వీడియోతోపాటు పిల్లలకు పంపండి. చేతిలో అవే అంకెలు లేకపోతే ఎంత బాగా చెప్పినా వాళ్లు సరిచూసుకోలేరు.

రెండోది ఇంకా ముఖ్యం. బస్సు కోసం ఆగిన నిమిషాలు 4, 6, 7, 8, 10 అనుకుందాం. సగటు 7. సగటు నుంచి తేడాల వర్గాలు కూడితే 20. దాన్ని 5తో భాగిస్తే 4 వస్తుంది, వర్గమూలం 2. శాంపిల్ సూత్రం ప్రకారం ఒకటి తగ్గించి 4తో భాగిస్తే 5 వస్తుంది, వర్గమూలం 2.24. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మొదటి పద్ధతిలో చేయిస్తుంది. ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ చివర ఏమీ లేని పాత ‘ఎస్‌టీడీఈవీ’ ఫంక్షన్ మాత్రం రెండో పద్ధతిలో లెక్కేస్తుంది. చివర ‘పీ’ ఉన్న ఫంక్షన్‌కు 2, ‘ఎస్’ ఉన్నదానికి 2.24 వస్తాయి. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో ఇవే సిగ్మా ఎక్స్, ఎస్ ఎక్స్. ఏ ఫంక్షన్ వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో వీడియోలో నోటితో చెప్పాల్సిందే. తెరమీద చిన్న అక్షరాల్లో కనిపిస్తే చాలదు.

డేటాలో మధ్య సగాన్ని పెట్టెగా చూపే బాక్స్ ప్లాట్ దగ్గర తేడా ఇంకా పెద్దది. పెట్టె రెండు అంచులు మొదటి, మూడో క్వార్టైళ్లు (పావు, ముప్పావు దగ్గరి విలువలు). ఇవే అయిదు అంకెలకు ‘క్వార్టైల్ ఇన్క్’ ఫంక్షన్ 6, 8 ఇస్తుంది. ‘క్వార్టైల్ ఎక్స్క్’ 5, 9 ఇస్తుంది. పెట్టె పొడవు ఒకదాంట్లో 2 ఉంటే ఇంకోదాంట్లో 4! ఎక్సెల్ బాక్స్ చార్ట్ మామూలుగా రెండో పద్ధతిలో గీస్తుంది, గూగుల్ షీట్స్‌లోని ‘క్వార్టైల్’ మొదటి పద్ధతిలో లెక్కిస్తుంది. చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ డేటా సిరీస్‌లోకి వెళ్తే ‘ఇన్‌క్లూజివ్ మీడియన్’ కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే రెండూ కలుస్తాయి.

నోటుబుక్కులో లెక్క చేస్తూ ఫోన్‌తో పైనుంచి తీస్తున్నా. కాగితం మీద నల్లటి చారలు పాకుతున్నాయి. ఫైలు కూడా చాలా పెద్దదవుతోంది.

చారలకు కారణం ఎల్ఈడీ బల్బు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియకపోయినా కెమెరా పట్టేస్తుంది. ప్రో వీడియో మోడ్ ఉంటే షట్టర్ సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెట్టండి. 60వ వంతు ఉంటే చారలు పోవు. ప్రో మోడ్ లేకపోతే పగలు కిటికీ పక్కన, లైటు ఆపేసి తీయడమే మేలు. చెయ్యి అడ్డొచ్చినప్పుడల్లా ఫోకస్ చెదరకుండా, ముందే కాగితం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి.

సైజు తగ్గించడానికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. 720పీ, సెకనుకు 15 ఫ్రేములు, వీడియోకు 500 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), ఆడియోకు 64 పెట్టండి. 8 నిమిషాల పాఠం దాదాపు 34 ఎంబీలో వస్తుంది. రాతకు అది సరిపోతుంది. ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ కూడా ఎంచుకోండి. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని మారుస్తూ తీస్తాయి, తర్వాత ఎడిటింగ్‌లో మాట ఒకచోట, చెయ్యి ఒకచోట అయిపోతుంది.

ల్యాప్‌టాప్ తెర రికార్డు చేస్తుండగా కరెంటు పోయి గంట పని పోయింది.

తెర రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ ఫార్మాట్ ఎమ్‌కేవీ పెట్టండి. మధ్యలో ఆగినా అప్పటివరకు తీసింది దక్కుతుంది. పని అయ్యాక ఫైల్ మెనూలోని ‘రీమక్స్ రికార్డింగ్స్’తో ఎంపీ4 చేసుకోవచ్చు, నాణ్యత తగ్గదు.

ఒకరు స్కేలు వదిలితే ఇంకొకరు పట్టుకునే ప్రయోగం వీడియో తీసి, ఫ్రేములు లెక్కపెట్టి రియాక్షన్ టైమ్ డేటా తీయిస్తున్నా. హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లలా వస్తోంది.

చక్కటి ప్రయోగం, దయచేసి మానకండి. వీడియో 30 ఫ్రేములదైతే ఒక్కో ఫ్రేము సెకనులో 30వ వంతు, అంటే 0.033 సెకన్లు. స్కేలు 18 సెంటీమీటర్లు పడ్డాక పట్టుకున్నవాళ్ల అసలు సమయం 0.19 సెకన్లు. ఫ్రేములు లెక్కపెడితే 5 గానీ 6 గానీ వస్తాయి, అంటే 0.167 లేదా 0.2. మధ్యలో ఇంకేదీ రాదు కాబట్టే ఆ పళ్లు. 240 ఫ్రేముల స్లోమోషన్‌లో తీస్తే అదే పతనానికి దాదాపు 46 ఫ్రేములు దొరుకుతాయి. వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో ‘ఈ’ నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది. ప్లేయర్ చూపే సమయాన్ని నమ్మవద్దు, చాలా ఫోన్లు మధ్య భాగాన్నే సాగదీస్తాయి. ఫ్రేముల సంఖ్యను 240తో భాగించండి.

కొన్ని ఫోన్లలో స్లోమోషన్ నిజమైనది కాదు, లేని ఫ్రేములు కల్పిస్తాయి. సరిచూడటం తేలిక. వదిలిన సెకనులో పదోవంతుకు స్కేలు వేగం సెకనుకు సుమారు మీటరు ఉంటుంది, అంటే అక్కడ ఫ్రేముకు సుమారు 4 మిల్లీమీటర్లు, ఆ తర్వాత ఇంకా ఎక్కువ కదలాలి. రెండు మూడు ఫ్రేములు ఒకేచోట నిలిచి ఒక్కసారి గెంతితే ఆ డేటా వాడకండి. ఇది మాత్రం ఎండలోనే తీయించండి. ట్యూబ్‌లైటు కింద 240 ఫ్రేముల్లో తెర వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, స్కేలు మీద గీతలు కనబడవు.