పల్లంలో స్వాంప్ మిల్క్‌వీడ్ వేయొచ్చా?

ప్రశ్న: మాది న్యూజెర్సీ. మూడెకరాల్లో టమాటా, వంకాయ, గుమ్మడి, సొర పండించి ఇండియన్ స్టోర్లకు ఇస్తున్నాం. చేను చివర పల్లంలో ఎప్పుడూ తేమే, ఏ కూరగాయా నిలవదు. అక్కడ స్వాంప్ మిల్క్‌వీడ్ వేస్తే తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయంటున్నారు. మా అమ్మేమో ఇది జిల్లేడు జాతిలా ఉంది, మేకలున్న చోట వద్దంటోంది. చేనంతా పాకుతుందేమోనని నాకూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: వేయండి. ఎండ బాగా తగిలే పల్లమైతే దానికి అంతకంటే మంచి చోటు లేదు. అది మీ ప్రాంతపు సొంత మొక్కే.

మీ అమ్మగారు సరిగ్గానే పోల్చారు. ఇదీ జిల్లేడూ ఒకే కుటుంబం. ఆకు తుంచితే అవే తెల్లపాలు. ఆ పాలలో గుండె మీద పనిచేసే విషం ఉంటుంది. చేదు కాబట్టి మేకలు మామూలుగా ముట్టవు, వేరే మేత లేకపోతే మాత్రం తినేస్తాయి. ఎండినా విషం పోదు, అందుకే ఎండుగడ్డిలో అసలు కలవకూడదు. కంచె అవతలే వేయండి. కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, పాలు కంట్లో పడనీయకండి.

వేరుతో పాకి విసిగించేది కామన్ మిల్క్‌వీడ్. మీరు వేసే స్వాంప్ మిల్క్‌వీడ్ ఉన్నచోటే నాలుగైదు అడుగుల దుబ్బుగా పెరుగుతుంది. గింజలు మాత్రం దూదితో ఎగురుతాయి, కాయ పగలకముందే కోసేస్తే సరి.

ఇక లాభం సంగతి. మోనార్క్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగుకు మిల్క్‌వీడ్ ఆకే తిండి, ఇంకోటి తినదు. జూలై, ఆగస్టుల్లో వచ్చే గులాబీ రంగు పూగుత్తిని దగ్గరగా చూడండి. రేకులు కిందికి వంగి, పైన తేనె నిండిన ఐదు చిన్న గిన్నెలు ఉంటాయి. పుప్పొడి పొడిలా రాలదు, జంట సంచుల్లో ఉంటుంది. తేనె తాగే ఈగ కాలు సందులోకి జారితే సంచులు కాలికి తగులుకుని వచ్చేస్తాయి. బలం లేని చిన్న పురుగులు ఒక్కోసారి అక్కడే ఇరుక్కుపోతాయి కూడా.

మీకు పనికొచ్చేది బంబుల్‌బీ, అంటే ఒంటినిండా నూగుండే లావుపాటి తేనెటీగ. టమాటా, వంకాయ పూలను గట్టిగా అదిరించి పుప్పొడి రాల్చేది అదే. నడివేసవిలో దానికి ఈ తేనె ఆసరా. గుమ్మడి పూలకూ అది వస్తుంది. సొరకు మాత్రం దీనివల్ల పిందె పెరుగుతుందని ఆశపడకండి. ఆ పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దాని పని రాత్రి తిరిగే చిమ్మటలది. పిందె నిలవకపోతే సాయంత్రం మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు అద్దండి.

గింజకు చలి తగలాలి. నవంబరులో కలుపు తీసిన నేల మీద చల్లి, పైన పల్చగా మట్టి కప్పితే చాలు. లేదా తడి ఇసుకలో కలిపి నెల, నెలన్నర ఫ్రిజ్‌లో ఉంచి వసంతంలో నారు పోసుకోండి. మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరం ఇవ్వండి. రెండో ఏడు నుంచి వసంతంలో ఆలస్యంగా చిగురిస్తుంది, చచ్చిందనుకుని తవ్వేయకండి.

పసుపుపచ్చ పేనుబంక తప్పకుండా పడుతుంది. ఆకు అడుగున మోనార్క్ గుడ్లు లేవని చూసుకుని నీళ్లతో కొట్టండి. వేపనూనె కూడా వద్దు, గొంగళిపురుగులకు అదీ చేటే. నర్సరీలో మొక్కలు కొంటే నియోనికోటినాయిడ్ (తేనెటీగలకు, గొంగళిపురుగులకు చేటు చేసే పురుగుమందు) వాడారా అని అడిగే కొనండి. ఎరుపు, నారింజ పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ అంటగడితే తీసుకోకండి, అది అక్కడి మొక్క కాదు.