అడవి అంచు ప్రశ్నలు: ఇప్ప మొక్క ఎందుకు పైకి లేవదు?

ప్రశ్న: మా ఊరి అడవిలో ముసలి ఇప్ప చెట్లు ఉన్నయి గానీ నడిమి వయసు చెట్టు ఒక్కటి గూడ లేదు. నిరుడు నలభై మొక్కలు నాటినం, ఎండాకాలానికి ఆరే మిగిలినయి. దుప్పులని కొందరు, మేకలని కొందరు అంటున్నరు. ఏం చెయ్యాలె?
(ఒక పాఠకుడు, తాడ్వాయి మండలం, ములుగు జిల్లా)

జవాబు: ముందు తిన్నదెవరో తేల్చుకోండి. కుందేలు కత్తితో కోసినట్టు ఏటవాలుగా కొరుకుతుంది, అదీ మోకాలి ఎత్తు లోపే. దుప్పి, కణితి, మేక మూడింటికీ పైదవడ ముందుపళ్లు ఉండవు. పట్టి లాగుతాయి కాబట్టి కొస పీచుపీచుగా చిరుగుతుంది. దుప్పికీ మేకకూ తేడా కొసలో తెలియదు. పొద్దుగూకాక మొక్క చుట్టూ మీటరు మేర మట్టి గుల్లచేసి చదును చేయండి. తెల్లారి జీవాలు రాకముందే వెళ్లి గిట్టల గుర్తులు చూడండి. దుప్పికి అసలు మేత గడ్డి. అది ఎండిపోయాకే ఆకు మీద పడుతుంది. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కాపలా ముఖ్యం.

ఇక కొత్త మొక్కలు నాటే ముందు ముసలి చెట్ల కొమ్మల నీడ అంచున వెతకండి. మోకాలి ఎత్తులో, మెలికలు తిరిగిన మొదలుతో ఇప్ప పొదలు దొరకొచ్చు. చూడటానికి పిలకల్లా ఉన్నా ఎన్నో ఏళ్ల వయసువి కావచ్చు. తల ఏటా మేతకో నిప్పుకో పోతున్నా లోపల వేరు బలుస్తూనే ఉంటుంది. నర్సరీ సంచిలో పెంచిన మొక్కకు ఆ వేరే లేదు, దాని తల్లివేరు సంచి అడుగున చుట్టుకుపోతుంది.

అలాంటి పొదను మే నెలాఖరులో పదునైన కత్తితో, నేలకు రెండంగుళాల పైన ఏటవాలుగా ఒక్క వేటుకు నరకండి. మొద్దు చీలితే నీళ్లు దిగి కుళ్లుతుంది. తొలకరికి చిగుళ్లు లేస్తాయి. ఆగస్టులో నిటారైనదొకటి ఉంచి మిగతావి తీసెయ్యండి. మొక్క చుట్టూ కట్టే కాపు తడక సిద్ధం కాకుండా మాత్రం నరకొద్దు, లేత చిగురంటే దుప్పికి మరీ ఇష్టం. ఇది రిజర్వు అడవి అయితే అటవీ శాఖ బీట్ ఆఫీసర్ ద్వారా అనుమతి తీసుకున్నాకే కత్తి పట్టండి.

తడకకు ఏడున్నర అడుగుల వెదురు గుంజలు మూడు కావాలి. అడుగున్నర భూమిలోకి దించండి. ఆ భాగానికి తారు పూయకపోతే చెదలు పట్టి ఒరిగిపోతుంది. లోపల రెండడుగుల వెడల్పు ఉంచి బయట రేగు కంప చుట్టండి. ఇరుకు చోటులోకి దూకడానికి దుప్పి జంకుతుంది, కాబట్టి ఆరడుగుల ఎత్తు చాలు. ఎకరమంతా కంచె వేయాలంటే ఎనిమిదడుగులు ఉండాలి. మొక్క తల ఏడడుగులు దాటేదాకా తడక తీయొద్దు. పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చడం ఆపకపోతే తడకా కాలుతుంది, మొక్కా కాలుతుంది. చీపురుతో ఊడ్చండి, లేదా కొమ్మల కింద వల కట్టండి.

ప్రశ్న: కంచెకు కరెంటు తీగ పెట్టొచ్చునా? (గూడూరు, మహబూబాబాద్ జిల్లా)

జవాబు: వద్దు. లైను నుంచి నేరుగా తీసిన కరెంటు మనుషుల ప్రాణాలూ తీస్తుంది. దుప్పి చస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

ప్రశ్న: అమెరికా ఓక్ అడవుల్లోనూ దుప్పుల వల్ల లేత చెట్లు లేవట. మనకూ అంతేనా? (హన్మకొండ)

జవాబు: అక్కడి తూర్పు అడవుల్లో తోడేళ్లు పోయాక తెల్లతోక దుప్పులు విపరీతంగా పెరిగాయి. అవి ఓక్ మొలకలను మేసి, అంతగా ఇష్టపడని బీచ్ చెట్లనూ ఫెర్న్‌లనూ వదిలేస్తాయి. మన దగ్గర పశువులు, దుప్పులు పెద్దగా ముట్టని టేకు, మోదుగ మిగలడం అలాంటిదే. కానీ ఇక్కడ పశువులు, నిప్పు, గింజలు ఏరుకోవడం కూడా కలుస్తాయి, దుప్పి మీదే నేరం మోపడం న్యాయం కాదు. పది మీటర్ల చదరానికి ఎనిమిదడుగుల కంచె వేసి, పక్కన అంతే చోటు వదిలి, రెంటి చుట్టూ ఫైర్ లైన్ (నిప్పు దాటకుండా ఆకు, గడ్డి తీసేసిన బాట) గీయండి. ఏటా అక్టోబర్‌లో ఏ జాతి ఎన్ని, ఎంత ఎత్తు అని రాసుకోండి. మూడేళ్లకు మొక్కలు లోపలే లేస్తే కారణం మేత. రెండు చోట్లా లేకపోతే అక్కడ గింజే మిగలడం లేదేమో చూడాలి.