చేపల పులుసు సీసా మూత ఉబ్బింది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఒంగోలు. నెల్లూరులో ఒకావిడ ఇంట్లో చేసి సీసాల్లో అమ్మే చేపల పులుసు వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టి మూడు సీసాలు తెప్పించా. ఆర్నెల్లు బయటే పెట్టుకోవచ్చు అంది. నెలన్నరకి ఒకటి తెరిస్తే స్స్‌మని నురగ పొంగింది. వాసన బాగానే ఉందని మా అత్తయ్య తినేసింది, తెల్లారేసరికి వాంతులు, రెండ్రోజులు ఆసుపత్రి. అడిగితే "మాది ఇంటి వంట, లైసెన్సులేం అక్కర్లా" అంటా ఉంది. మిగతా రెండు సీసాల మూతలూ ఉబ్బాయి. బాగా కాచుకుని తినొచ్చా? కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు సీసాల సంగతి. కాచొద్దు, తెరవొద్దు, కోపంలో పారేయొద్దు కూడా. కవర్లో చుట్టి, "తినకూడదు" అని రాసి ఫ్రిజ్‌లో ఓ మూల పెట్టండి, మీ కేసంతా వాటి మీదే నిలబడుద్ది. చేపని గాలి చొరకుండా మూసి బయట ఉంచితే బోటులిజం అనే, నరాల్ని దెబ్బతీసే విషం పుట్టే ప్రమాదం ఉంది, ఆ బ్యాక్టీరియా బీజాలు 100 డిగ్రీల మరుగు నీళ్లకి చావవు, ప్రెషర్‌లో 121 డిగ్రీలు తగలాలి, ఇంట్లో గిన్నెలో సీసాలు ఉడకబెడితే ఆ వేడి రాదు. చింతపండు, మామిడికాయ వేశాం కదా అంటారు గానీ పీహెచ్ (పులుపు కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువుంటేనే ఆ బ్యాక్టీరియా పెరగదు, అంత పులుపుందో లేదో నాలుకకి తెలీదు, ఆ విషానికి వాసన కూడా ఉండకపోవచ్చు. అత్తయ్యకి ఒకటి రెండుగా కనపడినా, రెప్పలు వాలినా, మాట ముద్దగా వచ్చినా, మింగుడు పడకపోయినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఆవిడ మాట తప్పు. ఇంట్లో చేసినా అమ్మితే 2006 ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. సురక్షితం కాని తిండి వల్ల మనిషికి హాని జరిగితే సెక్షన్ 59 కింద శిక్ష, సెక్షన్ 65 కింద పరిహారం ఉన్నాయి, పెద్ద గాయం కాకపోతే లక్ష దాకా.

మీకు నేను చెప్పే దారి మాత్రం వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే ఊళ్లోనే వేయొచ్చు, అంటే నెల్లూరు తిరగక్కర్లేదు, ఒంగోలులోనే. రెండేళ్ల టైముంది, మీరు కట్టిన డబ్బు ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, సీసా తీసుకెళ్లి ప్రైవేట్ ల్యాబ్‌లో ఇచ్చి రిపోర్ట్ తెస్తారు, అవతలివాళ్లు "తెరిచి ఏం కలిపారో" అంటే మాటుండదు. సెక్షన్ 38 కింద కమిషనే శాంపిల్‌కి సీలేసి ల్యాబ్‌కి పంపిస్తుంది, అర్జీలోనే అది అడగండి.

వాంతులకి కారణం ఆ పులుసేనని చూపించాల్సింది కూడా మనమేనమ్మా. డిశ్చార్జి కాగితంలో ఉత్త "గ్యాస్ట్రో" అని రాసుంటే ఆ డాక్టర్ దగ్గరికెళ్లి, ఏం తిన్నారో మీరు అప్పుడు చెప్పింది కేస్ షీట్‌లో ఉంటే ఆ కాపీ తీసుకోండి. వాట్సాప్ చాట్ డిలీట్ చేయొద్దు, "ఆర్నెల్లు బయటే" అన్న ఆ మెసేజ్ బంగారం. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, ఉబ్బిన మూత ఫోటో కూడా పెట్టండి.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి కంప్లైంట్ మాత్రం ఈరోజే ఇవ్వండి. అదే రోజు వండిన పులుసు ఇంకెన్ని ఇళ్లల్లో అల్మారాల్లో ఉందో, ఏ పిల్లలు అన్నంలో కలుపుకోబోతున్నారో మనకి తెలీదు.